ఈ వసంతానికి మా ఫ్లైలు: ఉన్నవి, ఆపేసినవి, ధర పెరిగినవి

నరసాపురం నుంచి నమస్కారం.

ఫిబ్రవరి మొదలైనప్పటి నుంచి అందరూ అడుగుతున్నది ఒకటే కాబట్టి ముందు ఆ సంగతి చెప్పేస్తాను. ట్రౌట్, బాస్ చేపల కోసం ఈకలతో కట్టే మా ఎరల (వీటినే ఫ్లైలు అంటారు) ధరలు పెంచాం. నీటి మీద తేలే ఫ్లైలు ఒక్కొక్కటి 70 రూపాయల నుంచి 85కు, టంగ్‌స్టన్ అనే బరువైన లోహపు పూస వేసి అడుగుకు దింపే నింఫ్‌లు (రెక్కలు రాని నీటి పురుగులా కట్టేవి) 80 నుంచి 120కి వచ్చాయి. నెమలి ఈక పీచుతో కట్టే రకాలు జాబితాలోంచి తీసేశాం, మళ్ళీ పెట్టే ఆలోచన లేదు. అమెరికాకు వెళ్ళే పెట్టెల మీద సుంకం ఇకపై బిల్లులోనే కలుపుతాం. కారణాలన్నీ కింద రాశాను. చదివాక కోపం వస్తే అప్పుడు తిట్టండి, పడతాను.

ఈ మధ్య కొత్తగా చేరినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తాను. మన కాలువ గట్టున గాలం వేసేటప్పుడు సీసం గుండు బరువే ఎరను లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎరకు బరువనేదే ఉండదు. చిన్న గాలానికి ఈకలు, వెంట్రుకలు, దారం చుట్టి కడతారు, అంతే. బరువంతా దారానిది. పైన ప్లాస్టిక్ పూత వేసిన లావుపాటి దారాన్ని తొమ్మిదడుగుల కర్రతో వెనక్కీ ముందుకీ ఊపితే, అది గాలిలో విచ్చుకుంటూ వెళ్ళి కొసన ఉన్న ఫ్లైని నీటి మీద దించుతుంది. ట్రౌట్ ఎక్కువగా తినేది నీటి పురుగులను. ఆ పురుగు అడుగున రాళ్ళ మధ్య పాకుతోందా, పైకి లేస్తోందా, రెక్కలొచ్చి నీటి మీద కూర్చుందా అన్నదాన్ని బట్టి ఫ్లై మారుతుంది. మేం కట్టి అమ్మేవి ఇవే. కొనేవాళ్ళలో ఎక్కువమంది అమెరికాలో డెన్వర్, షార్లెట్, అట్లాంటా చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగువాళ్ళు. మిగిలినవాళ్ళు హైదరాబాదు నుంచో విశాఖపట్నం నుంచో సెలవులకు హిమాచల్‌లోని తీర్థన్ లోయకూ కశ్మీరుకూ వెళ్ళేవాళ్ళు.

గోదావరిలో ట్రౌట్ లేదు, ఉండదు కూడా. అది చన్నీళ్ళ చేప. నీళ్ళు 20 డిగ్రీలు దాటితే దానికి ఊపిరి తీసుకోవడమే కష్టం. మరి ఈ పని ఇక్కడ ఎందుకు పెట్టావమ్మా అని అడిగేవాళ్ళకు నేను మా షెడ్డులో కూర్చునే ఆడవాళ్ళ వేళ్ళు చూపిస్తాను. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ పాకింది. 2024లో దానికి ఈ ప్రాంతపు సొంత సరుకని చెప్పే జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపు వచ్చింది గానీ కూలి పెరగలేదు. బల్లగుడ్డ కొన్న విదేశీయుడు ఇచ్చే డబ్బులో అల్లిన మనిషికి చేరేది ఎంతో ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. క్రోషా సూదితో సన్నని నూలును లెక్క తప్పకుండా బిగించే చేతికి ఫ్లై కట్టడం కొత్త విద్య కాదు. కళ్ళజోడు మారిస్తే చాలు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎక్కువగా పోయేది ఆడమ్స్ అనే తేలే ఫ్లై. 1922లో మిషిగన్‌లో లెన్ హాలడే అనే ఆయన కట్టిన రకం. పదహారో నంబరు గాలం బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దది, నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. మా పెద్దావిడ దాన్ని వైస్ అనే చిన్న పట్టుకారులో బిగించి, నల్ల దారాన్ని వెనక వంపు దాకా చుట్టుకొస్తుంది. గోధుమ రంగు ఈక పోగులు నాలుగు, నలుపు తెలుపు చారల ఈక పోగులు నాలుగు కలిపి తోక పెడుతుంది. బూడిద రంగు పీచును మైనం రాసిన దారానికి మెలిపెట్టి ఒళ్ళు చుడుతుంది. చారల ఈక కొసలు రెండు నిలబెడితే రెక్కలు. అసలు పని ఆ తర్వాతే. రెండు రంగుల ఈకలూ కలిపి మెడ చుట్టూ తిప్పేటప్పుడు ఒక చుట్టు ముందు చుట్టు మీదికి ఎక్కిందంటే పోగులు వంకర తిరుగుతాయి. అలాంటి ఫ్లై నీటి మీద ఒరిగిపోతుంది. చూడడానికి బాగానే ఉంటుంది కనుక కొన్నవాళ్ళకు నదిలో దిగాక గానీ తెలియదు. అందుకే ప్రతి ఫ్లైనీ స్టీలు గ్లాసు నీళ్ళలో వేసి చూస్తాం. పక్కకు ఒరిగిన ఫ్లై మీ పెట్టెలోకి రాదు. కానీ దాని కూలి కోయడం లేదు, కోయను. కోత మొదలైతే చెయ్యి వణుకుతుంది.

"ఇంత చిన్నదాన్ని పారే నీళ్ళలో చేప ఎలా చూస్తుంది వదినా?" అని కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. "నువ్వు చూడలేని లోపాన్ని కూడా చూస్తుంది" అని పెద్దావిడ నా కన్నా ముందే జవాబు చెప్పింది.

ఇక ఈకల సంగతి. మా సొరుగుల మీద డేగ, కాకి అని రాసి ఉంటుంది. భీమవరం వైపు పందెం కోడి రంగులు తెలియనివాళ్ళు ఉండరు కదా, ఎర్రటి గోధుమ ఈకలు డేగ సొరుగులో, నల్లవి కాకి సొరుగులో. ఈకలు తెచ్చేది నాటుకోడి మాంసం దుకాణాల నుంచి. సంక్రాంతి బరుల దగ్గర చవగ్గా ఇస్తామని మనుషులు వస్తారు గానీ వద్దన్నాను. చట్టం ఒప్పుకోని ఆటలోంచి వచ్చిన సరుకుకు పత్రం ఎవరిస్తారు? 2025 ఫిబ్రవరిలో తణుకు, పెరవలి మండలాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు కోడి ఈక అన్న మాటే ఎత్తలేని పరిస్థితి. ఉన్న నిల్వతో నెట్టుకొచ్చాం. ఇప్పుడు కొన్న ప్రతి ఈకనూ కడిగి, వేడితో శుద్ధి చేయించి, పత్రం జత చేసి పంపుతున్నాం. ఆ ఖర్చు కొంత ధరలో చేరింది.

మన కోడి ఈకకు ఒక పరిమితి ఉంది, దాచను. పోగులు మెత్తగా, కాస్త పొడవుగా ఉంటాయి. నీళ్ళు పీల్చుకుంటాయి. మునిగే ఫ్లైలకు అది గుణమే, తేలే ఫ్లైలకు దోషం. అందుకే పద్నాలుగో నంబరు, అంతకన్నా చిన్న ఆడమ్స్‌లకు అమెరికా ఈకలే వాడతాం. దీనికోసమే తరతరాలుగా ఎంపిక చేసి పెంచిన కోళ్ళు అక్కడ ఉన్నాయి. ఒక్కో ఈక బారుగా, పోగులు పొట్టిగా, గట్టిగా ఉంటాయి. వాటిలో పేరున్న వైటింగ్ ఫామ్స్ కొలరాడోలో ఉంది, ఆ ఊరి పేరు డెల్టా. అక్కడి ఈక ఈ డెల్టాకు వచ్చి, ఫ్లైగా మారి, తిరిగి డెన్వర్ వెళ్తోంది. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ సుంకం కడుతోంది పాపం.

నెమలి దగ్గరికి వస్తాను, అందరికన్నా ఎక్కువ అలిగింది ఈ విషయంలోనే. ప్రిన్స్ నింఫ్, జగ్ బగ్, రాయల్ ఉల్ఫ్, గ్రిఫిత్స్ న్యాట్ రకాలన్నింటికీ ఒంటి మీద చుట్టేది నెమలి పింఛపు పీచే. ఆకుపచ్చా రాగి రంగూ కలిసిన ఆ మెరుపు ఇంకే ఈకలోనూ లేదు. దాని దేశమే మనది కాబట్టి ఇక్కడి నుంచి బాగా దొరుకుతుందని మీరనుకోవడం సహజం. కానీ నెమలి 1963 నుంచి మన జాతీయ పక్షి, 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దానంతట అది రాల్చిన ఈకలను దేశంలో అమ్ముకోవడానికి అనుమతి ఉంది. ఎగుమతికి మాత్రం ఈకనూ, ఆ ఈకతో చేసిన వస్తువునూ కూడా పంపకూడదు. ఒక్క పోగు చుట్టిన ఫ్లై అయినా అంతే. మరి తీర్థన్ వెళ్ళే హైదరాబాదువాళ్ళకైనా కట్టి ఇవ్వవచ్చుగా అన్నారు. ఇవ్వవచ్చు. కానీ రెండు రకాల పెట్టెలూ ఒకే బల్ల మీద తయారవుతాయి. రాత్రి సర్దేటప్పుడు డెన్వర్ పెట్టెలో ఒక్కటి పొరపాటున పడితే మొత్తం పార్సిల్ పోతుంది, షెడ్డు కూడా పోతుంది. అందుకే నెమలి ఈకను గుమ్మం దాటి లోపలికి రానివ్వడం లేదు.

బదులుగా రంగు వేసిన ఉష్ట్రపక్షి పీచుతోనూ, మెరుపు కలిపిన కృత్రిమ పీచుతోనూ ప్రిన్స్ నింఫ్ కడుతున్నాం. నెమలి మెరుపు దీనికి రాదు. చేప దాన్ని పట్టించుకుంటుందని నాకు నమ్మకం లేదు, కొనే మనిషే పట్టించుకుంటాడు. నచ్చకపోతే కొనకండి, నేనేమీ అనుకోను. అడవికోడి మెడ మీది కన్ను లాంటి ఈకలు రహస్యంగా అయినా పంపమని అడిగే పెద్దమనుషులు ఒకరిద్దరున్నారు. అది కూడా రక్షిత పక్షే. దయచేసి మళ్ళీ అడగకండి.

టంగ్‌స్టన్ గురించి రెండు మాటలు చాలు. పూస బరువుంటేనే నింఫ్ వేగంగా అడుగుకు దిగుతుంది. సీసం మేం వాడం, నీటి పక్షులు మింగితే చస్తాయి, అమెరికాలో కొన్ని రాష్ట్రాలు నిషేధించాయి కూడా. ప్రపంచంలో టంగ్‌స్టన్ ఎక్కువగా వచ్చేది చైనా నుంచి. 2025 ఫిబ్రవరిలో ఆ దేశం ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టాక పూస ధర మా చేతిలో లేకుండా పోయింది. లోతు తక్కువ వాగుల్లో ఆడేవాళ్ళకు ఇత్తడి పూస సరిపోతుంది, అది పాత ధర 80కే ఉంది.

సుంకం కథ మీలో చాలామందికి అనుభవమే. 800 డాలర్లలోపు పార్సిల్‌కు అమెరికాలో ఉన్న మినహాయింపు 2025 ఆగస్టు 29న పోయింది. దానికి రెండు రోజుల ముందే మన దేశపు సరుకు మీద సుంకం 50 శాతానికి చేరింది. భీమవరం రొయ్యల రైతులు లబోదిబోమన్నారు, మాది ఏపాటి లెండి. ఆగస్టు 25 నుంచి అక్టోబరు మధ్య దాకా తపాలా శాఖ అమెరికాకు పార్సిళ్ళు తీసుకోలేదు. ప్రైవేటు కొరియరు ఒకటి ఆ సందులో అడిగిన ధర ఫ్లైల విలువను మించిపోయింది, పైగా రెండు పెట్టెలు ఎక్కడికి పోయాయో ఇప్పటికీ చెప్పలేదు. ఆ తర్వాత రేట్లు మారుతూ వచ్చాయి. కాబట్టి మీ పెట్టె బయల్దేరిన రోజున ఉన్న రేటే వేసి, ముందే కట్టి పంపుతాం. మీ గుమ్మం దగ్గర ఎవరూ చెయ్యి చాపరు. మీ దగ్గరి దుకాణంలో కొన్నా చేపల సామాను మీద దిగుమతిదారు కట్టే 10 శాతం పన్ను ఆ ధరలో ఉంటుంది. 1950 చట్టం ప్రకారం ఆ సొమ్ము తిరిగి చేపల సంరక్షణకే పోతుంది. ఆ పన్ను గురించి నాకు ఫిర్యాదు లేదు.

ఇప్పుడు అసలు వ్యాపారం చెడగొట్టే మాట. మీకు అన్ని ఫ్లైలు అక్కర్లేదు. నలభై రకాలున్న పెట్టెను ప్రతి వసంతంలోనూ కొనేవాళ్ళున్నారు. వాళ్ళు తిప్పి తిప్పి కట్టేవి నాలుగో ఐదో.

డెన్వర్‌వాళ్ళు ముందు లైసెన్సు చూసుకోండి, నిరుటిదానికి మార్చి 31తో గడువు తీరుతుంది. మబ్బు పట్టి తుంపర పడే మధ్యాహ్నాల్లో బ్లూ వింగ్డ్ ఆలివ్ అనే చిన్న పురుగులు లేస్తాయి. పద్దెనిమిది, ఇరవై నంబర్ల ఫ్లైలు కొన్ని చాలు. అర్కాన్సా నది మీద ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో కాడిస్ పురుగులు గుంపులుగా వస్తాయి, వాటికి పద్నాలుగు, పదహారు తీసుకోండి. మే నడిమికి మంచు కరిగి నదులు బురదెక్కుతాయి. అప్పుడు తేలే ఫ్లైలు కొని దాచుకోవడం దండగ. ఆనకట్ట కింది నీళ్ళకు వెళ్ళండి, లేదా మంచు వీడిన చెరువుల అంచుల్లో, వాగు వచ్చి కలిసే చోట నిలబడండి. మంచు పోయిన కొత్తలో ట్రౌట్ ఒడ్డు వెంటే తిరుగుతుంది.

షార్లెట్‌వాళ్ళకు తెలిసిందే, రాష్ట్రం చేపలు వదిలే వాగులు మార్చిలో మూసి ఏప్రిల్ మొదటి శనివారం ఉదయం ఏడింటికి తెరుస్తారు. ఆ రోజు జనం గట్ల మీద కిక్కిరిసి ఉంటారు. నన్నడిగితే ఆ వారం వదిలేసి తర్వాత వెళ్ళండి.

అట్లాంటావాళ్ళది వింత అదృష్టం. లానియర్ జలాశయంలో బాస్, అదే నీళ్ళు బ్యూఫోర్డ్ ఆనకట్ట దాటాక చాటహూచీ నదిలో ట్రౌట్. లోతైన జలాశయం అడుగున ఉండే చల్లటి నీటిని కిందికి వదులుతారు కాబట్టి ఎండాకాలంలో కూడా అక్కడ ట్రౌట్ బతుకుతుంది. మన ధవళేశ్వరం దిగువన అలా ఎందుకు కాదని ఒకరు అడిగారు. అక్కడ అంత లోతూ లేదు, అంత చలీ లేదు.

బాస్ విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చదు. నీళ్ళు 15 డిగ్రీలు దాటాక అవి ఒడ్డు పక్క లోతు తక్కువలో గూడు చేసి గుడ్లు పెడతాయి. కాపలా కాసేది మగచేప. గూటి మీదికి ఏది వచ్చినా కరుస్తుంది కనుక పట్టడం సులువు. మీరు దాన్ని ఫోటో కోసం అయిదు నిమిషాలు పైన ఉంచితే ఆలోగా చిన్న చేపలు గుడ్లు తినేస్తాయి. పట్టాలనుకుంటే అక్కడికక్కడే వదిలేయండి. గాలం కొసన వెనక్కి తిరిగి ఉండే ముల్లును నొక్కి, తేలిగ్గా ఊడేలా మా ఫ్లైలు పంపేది అందుకే, దానికి అదనపు ధర లేదు.

ట్రౌట్‌కూ బాస్‌కూ రెండింటికీ పనికొచ్చే ఫ్లై ఒకటి చెప్పమంటే వూలీ బగ్గర్ అంటాను. 1960ల్లో పెన్సిల్వేనియాలో పుట్టిన రకం. తోక టర్కీ కోడి నూగుది, ఒంటి మీద మెత్తటి కోడి ఈక. మన కాకి సొరుగు ఈక దీనికి అమెరికా ఈక కన్నా బాగుంటుంది, నీళ్ళలో బతికున్నట్టు కదులుతుంది. చూడడానికి అందవికారం, కట్టడానికి తేలిక, ధర 60, పెంచలేదు. పెట్టెలో నలుపూ ఆలివ్ రంగూ చెరి మూడు ఉంటే మిగతా రకాల మీద ఖర్చు తగ్గించుకోవచ్చు.

తీర్థన్‌కు వెళ్ళేవాళ్ళు మార్చి, ఏప్రిల్‌లోనే వెళ్ళండి. హిమాచల్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా ట్రౌట్ వేట బంద్, మార్చిలో తెరుస్తారు. ఎండలు ముదిరితే కరిగిన మంచుతో నది ఉరకలు వేస్తుంది. మత్స్యశాఖ లైసెన్సు లేకుండా కర్ర విప్పకండి. కశ్మీరులో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. అక్కడి బ్రౌన్ ట్రౌట్ 1900 ప్రాంతంలో స్కాట్లండు గుడ్ల నుంచి వచ్చిన సంతతి. రెండు చోట్లకూ ఇత్తడి పూస నింఫ్‌లు, వూలీ బగ్గర్లు, కొన్ని ఆడమ్స్ చాలు.

ఊరివాళ్ళ ప్రశ్నలు రెండు. పులసకు ఫ్లై ఉందా అని ఏటా అడుగుతారు. లేదు. అది నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టి తినే చేప, ఎర్రనీటికి ఎదురెక్కి వచ్చినప్పుడు వలకే చిక్కుతుంది. పుస్తెలు అమ్ముకోవాల్సింది వల వేసినవాడి దగ్గరే, నా దగ్గర కాదు. రెండోది పండుగప్ప. అంతర్వేది దగ్గర వశిష్ఠ పాయ ఉప్పునీటిలో దానికి ఫ్లై బ్రహ్మాండంగా పనిచేస్తుంది గానీ, ట్రౌట్ ఫ్లై కట్టారంటే గాలం విరిచేసి పోతుంది. తుప్పు పట్టని పెద్ద గాలం మీద బొచ్చు చేపపిల్లలా కట్టిన క్లౌజర్ మిన్నో తీసుకోండి, కర్ర ఎనిమిదో నంబరుకు తగ్గకూడదు. ఇది ఆర్డరు మీదే కడతాం.

ఏప్రిల్ 15 దాకా వచ్చిన ఆర్డర్లు మే మొదటి వారంలోపు బయల్దేరతాయి. ఆ తర్వాత వచ్చినవి జూన్‌లోనే. మేలో రేకుల షెడ్డు కింద పదకొండు దాటాక కూర్చోవడం ఎవరి తరమూ కాదు, చెమట చేతికి మైనం దారం జారిపోతుంది, అందుకని ఉదయం పూటే పని. ఆర్డరులో ఫ్లై పేర్లతో పాటు ఏ నదికి, ఏ నెలలో వెళ్తున్నారో ఒక ముక్క రాయండి. అక్కర్లేనివి రాసి ఉంటే పెట్టె కట్టే ముందే ఫోను చేసి తీసేయిస్తాను.